లాకుల దగ్గర వాళ్ళ పడవని ఆపు

చి. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన నీ నవల అధ్యాయాలు రెండుసార్లు చదివాను. 1935, మద్రాసులో క్వీన్ మేరీస్ కాలేజీ చదివిన అమ్మాయి, కోనసీమ రైతు అబ్బాయి. పాతకాలం కథ అనగానే కన్నీళ్ళే రాసే రోజుల్లో నువ్వు సరదాగా రాయాలనుకున్నావు, అది నాకు చాలా సంతోషం.

కానీ తల్లీ, నవ్వు కోసం ఆ అబ్బాయిని అమాయకుణ్ణి చేశావు. ఇంగ్లీషు మాట తప్పు పలకడం, ఫోర్కు చూసి బెదిరిపోవడం, ఇవన్నీ కొట్టేయ్. అలాంటివాణ్ణి చదువుకున్న పిల్ల ఎందుకు ఇష్టపడుతుంది? జాలి పడుతుంది, అంతే. అతనికి ముందు పని ఇవ్వు. ఇన్ని పేజీల్లో ఒక్కసారీ పొలం వెళ్ళలేదు! నీటి వంతు వచ్చిన రాత్రి లాంతరు పట్టుకుని పొలానికి నీళ్ళు తెచ్చే బోదె గట్టు మీద కాపలా కాయాలి, పై పొలం రైతుతో తగువు పెట్టుకోవాలి, తెల్లారి బురద కాళ్ళతో ఇంటికొచ్చి అరుగు మీద ఆమె కనపడితే కాళ్ళు ఎక్కడ దాచుకోవాలో తెలియకపోవాలి. అక్కడ నేను నవ్వుతాను, అతన్ని ఇష్టపడతాను కూడా.

ఆమెని మే నెలలో పడవ ఎక్కించావు. కుదరదు. ఆ రోజుల్లో వేసవిలో మరమ్మతులకి కాలవలు కట్టేసేవారు, పడవలన్నీ ఆగిపోయేవి. సంక్రాంతికి రప్పించు. రాజమండ్రిలో రైలు దిగి, ధవళేశ్వరం నుంచి పడవలో వస్తుంది. 1852లో అక్కడ గోదావరి మీద ఆనకట్ట పూర్తయ్యాక ఆ కాలవలు పొలాలకి నీళ్ళూ ఇచ్చాయి, మనుషులకి దారీ అయ్యాయి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. అంటే ప్రయాణం బాగా నెమ్మది. నువ్వు రెండు వాక్యాల్లో ఊరికి చేర్చేశావు! ప్రేమకథకి అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

అబ్బాయిని కూడా అదే పడవ ఎక్కించి, లాకుల దగ్గర ఆపు. లాకులంటే పడవ దాటడానికి కాలవలో నీటిమట్టం మార్చే తలుపులు. పడవ లోపలికి వెళ్ళాక వెనక తలుపులు మూస్తారు, నీటిమట్టం సమానమయ్యేదాకా ఎవరూ ఎక్కడికీ కదలరు. పడవ నిండా జనం, అందరి కళ్ళూ వీళ్ళిద్దరి మీదే. పెళ్ళికాని వాళ్ళు ఆ రోజుల్లో నలుగురిలో నేరుగా ఏం మాట్లాడుకుంటారు? అందుకని అతను పడవ నడిపే సరంగుతో అంటాడు: "ఆవిడ ఎండలో కూచున్నారు, ఇటు నీడలోకి రమ్మని చెప్పు." ఆవిడ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది. ఆమె కూడా సరంగుకే చెప్తుంది: "నాకు ఎండ బాగానే ఉందని చెప్పండి." పాపం ఆ సరంగు ఇద్దరి మధ్యా తల తిప్పలేక సతమతమవుతాడు. పక్కన వినికిడి తక్కువని అందరూ అనుకునే మేనత్త ఒక్క ముక్క వదలకుండా వింటూ ఉంటుంది. ఈ సంభాషణని సాగదీయి. నీటిమట్టం గురించి, మద్రాసు ట్రాముల గురించి, బెల్లం ధర గురించి, అంతా సరంగు ద్వారానే. చివరికి సరంగు దిగిపోతే తప్ప వాళ్ళు నేరుగా మాట్లాడుకోకూడదు. నీ పుస్తకం మొత్తం ఆ పడవ మీద నిలబడుతుందని నా నమ్మకం.

మిగతావి చిన్న సవరణలు. సంక్రాంతి భోజనంలో పులస వడ్డించావు. అది వరద నీటికి ఎదురీది వచ్చే చేప, శ్రావణ భాద్రపదాల్లో దొరుకుతుంది. పండక్కి అరిసెలు పెట్టు, చాలన్నా వినకుండా మళ్ళీ మళ్ళీ వడ్డించే అతని తల్లిని రాయి. పడవ ఛార్జీ యాభై నయాపైసలు అన్నావు, అవి 1957లో వచ్చాయి. ఎనిమిది అణాలు అను. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938లో గానీ మొదలవలేదు. గ్రామఫోను పెట్టుకో.

ఇంకొకటి, ఇది నాకు ముఖ్యం. ఊరివాళ్ళంతా పాతకాలపు మనుషులే అన్నట్టు రాశావు. వీరేశలింగంగారు 1881లోనే రాజమండ్రిలో వితంతు వివాహం చేయించారు. అదే ప్రాంతంలో, బాల్యవివాహాల్ని ఆపే శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చాక, చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చేయడానికి ఆ చట్టం వర్తించని ఫ్రెంచివాళ్ళ యానాం వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి అబ్బాయి తాత సంస్కర్తల పక్షం, మేనమామ యానాం పక్షం అయితే ఎలా ఉంటుందో ఆలోచించు. ఇరవై ఏళ్ళొచ్చినా పెళ్ళికాని మద్రాసు పిల్ల వాళ్ళింట్లో అడుగుపెడితే ఆ తాత, ఆ మేనమామ వాదించుకోవడమే మూడు అధ్యాయాలు వస్తుంది. తాతని నోరున్న మనిషిగా రాయి.

ముందు లాకుల అధ్యాయం రాసి పంపు, తాత సంగతి తర్వాత చూద్దాం. కాగితానికి ఒక పక్కనే రాయి, అంచుల్లో నాకు చోటు కావాలి.

పెద్దమ్మ