పికప్ కావాలన్న మేనల్లుడికి

ముషీరాబాద్,
హైదరాబాద్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజీ చూశాను. 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్ కొన్నావనీ, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగిన బండనీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీని దాటబోతే ఉసూరుమంటోందనీ రాశావు. ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌లో లెక్కలు మార్పిస్తే 100 హార్స్‌పవర్ వస్తుందని ఎవరో చెప్పారట. ఫోనులో చెబితే సగం విని "సరే మామయ్యా" అని పెట్టేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను. వద్దనడానికి కాదు. ముప్పై నాలుగేళ్లు ఇంజన్లకు డీజిల్ చిమ్మే పంపుల మధ్య బతికినవాడిని, బండి ఒక్క ఊపున లాగితే కలిగే సంతోషం నాకు తెలియనిది కాదు.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. పాత జీపుల పంపు మీద, ఇంజన్‌కు ఎక్కువలో ఎక్కువ ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించే స్క్రూ ఒకటి ఉండేది. ఎవరూ ముట్టుకోకుండా దానికి తీగ చుట్టి సీసపు సీలు వేసేవారు. అచ్చంపేట నుంచి ఒక జీపు యజమాని వచ్చి పికప్ లేదని ప్రాణం తీస్తే, నేను ఆ సీలు తెంచి పావు చుట్టు తిప్పాను. జీపు ఎగిరి గంతేసింది. ఆయన నాకు ఇరానీ చాయ్ తాగించి మరీ వెళ్లాడు. పదిరోజులకు అదే జీపు తాడు కట్టించుకుని వచ్చింది. నిండా జనంతో శ్రీశైలం వెళ్లి తిరిగి వస్తూ, డ్యాం దగ్గర నుంచి దోమలపెంట వైపు ఘాట్ ఎక్కుతుండగా ఆగిపోయిందట. హెడ్ విప్పి చూస్తే మూడో పిస్టన్ నెత్తిన వేలు పట్టేంత రంధ్రం. ఖర్చు నేనే భరించాను. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ సంగతి. నీ బండిలో ఆ స్క్రూ లేదు, ఆ పని కంప్యూటర్ చేస్తోంది. కాకపోతే దాని సీలు కంటికి కనపడదు.

ఆ పిస్టన్ ఎందుకు కాలిందో తెలిస్తే మిగతాదంతా నీకే అర్థమవుతుంది. పెట్రోలు ఇంజన్‌లో గాలీ ఇంధనమూ ఒక లెక్క ప్రకారం కలిసే వెళ్తాయి. డీజిల్‌లో గాలి ఎప్పుడూ అవసరానికి మించే ఉంటుంది, బలాన్ని నిర్ణయించేది మనం చిమ్మే డీజిల్. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.5 కిలోల గాలి చాలునని పుస్తకం లెక్క. కానీ నిజమైన ఇంజన్‌లో అది దాదాపు 18 కిలోల కన్నా తగ్గిందంటే సైలెన్సర్ నల్లటి పొగ వదలడం మొదలవుతుంది. ఆ పొగ నువ్వు డబ్బిచ్చి కొని, కాల్చుకోలేకపోయిన డీజిల్. దానితోపాటు సైలెన్సర్ వైపు వెళ్లే వేడి పెరుగుతుంది. ఆ వేడి పిస్టన్‌కూ, పొగ తోపుడుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బోకూ తగులుతుంది. పెట్రోలు బండిలో గాలికి తగ్గ ఇంధనం లేకపోతే ప్రమాదం, డీజిల్‌లో ఇంధనం ఎక్కువైతే ప్రమాదం. పెట్రోలు బండ్లు మాత్రమే ట్యూన్ చేసినవాళ్లు తడబడేది ఇక్కడే.

ఇక నీ ఇంజన్. ఫియట్ రూపొందించిన 1.3 మల్టీజెట్, 1248 సీసీ. నీ స్విఫ్ట్‌లో 4000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 75 పీఎస్, అంటే ఇంచుమించు అన్నే హార్స్‌పవర్, 2000 దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. ఇదే ఇంజన్‌ను ఎర్టిగాలో పెట్టినప్పుడు 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు ఇచ్చారు. ఆ తేడా ఉత్త కంప్యూటర్‌తో వచ్చింది కాదు. రెక్కల కోణం మార్చుకునే టర్బో వేశారు. నీ దానిలో ఉన్నది మామూలు టర్బో. కంపెనీయే 90 పీఎస్ కోసం టర్బో మార్చాల్సి వస్తే, ఒక లాప్‌టాప్‌తో అరగంటలో 100 ఇస్తానన్నవాడిని కాస్త అనుమానంగా చూడాలి కదా.

నా అనుమానం ఏమిటంటే, నీ బండి ఇప్పుడు ఆ 75 కూడా ఇవ్వడం లేదు. లక్షా పదివేలు తిరిగిన బండి దారిలో ఎంతో కొంత బలం పోగొట్టుకునే వస్తుంది. ముందు దాన్ని రాబట్టు.

మొదట టర్బో నుంచి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడ నుంచి ఇంజన్‌కు వెళ్లే హోస్ పైపులు. చీలికలు పైకి కనపడవు, కింది వైపున, క్లిప్పు దగ్గర ఉంటాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు పాము బుసకొట్టినట్లు వినిపిస్తే, పైపు చుట్టూ నూనె జిడ్డు ఉంటే, దొంగ దొరికినట్లే. ట్యూనింగ్ కోసం నా దగ్గరకు వచ్చి, చిరిగిన పైపు మార్చుకుని సంతోషంగా వెళ్లిపోయినవాళ్లు ఎందరో. తర్వాత గాలి ఎంత వస్తోందో కొలిచే సెన్సర్. దానికి మసి పడితే, గాలి తక్కువ వస్తోందనుకుని కంప్యూటర్ డీజిల్ తగ్గించేస్తుంది. దానికోసం ప్రత్యేకమైన స్ప్రే ఉంది, దానితోనే కడగాలి, గుడ్డ పెట్టి తుడవకూడదు. పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు, గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డ్ విప్పించి చూడు. పొగమసీ ఆయిల్ ఆవిరీ కలిసి తారులా పేరుకుని గాలి దారి సగానికి సగం మూసేసి ఉండవచ్చు. శుభ్రం చేయించు కానీ, ఈజీఆర్‌ను మూయించవద్దు.

సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు రిటర్న్ పరీక్ష చేయించు. నాలుగింటి రిటర్న్ పైపులకూ నాలుగు సీసాలు తగిలించి, ఇంజన్ నడిపి, ఏ సీసాలో ఎంత డీజిల్ చేరిందో చూస్తారు. ఒకటి మిగతావాటి కంటే బాగా ఎక్కువ నింపిందంటే ఆ నాజిల్ అరిగింది. అరిగిన నాజిల్ మీద ట్యూనింగ్ చేయించడం గోరుచుట్టు మీద రోకటి పోటు. నాజిళ్లన్నిటికీ డీజిల్ అందించే గొట్టాన్ని రైలు అంటారు. అందులో ఒత్తిడి వెయ్యి బార్ దాటి వెళ్తుంది, నీ కారు టైరులో గాలి రెండు బార్ చిల్లర. పోల్చి చూసుకో. అందుకే డీజిల్ ఫిల్టరులో చేరిన నీళ్లు ఎప్పటికప్పుడు వదిలేయాలని నేను అరుస్తుంటాను. ఆ ఒత్తిడిలో ఒక చుక్క నీరు కూడా నాజిల్‌ను తినేస్తుంది.

ఇవన్నీ చేయించాక బండి ఎలా ఉందో నీ వాచీతో కొలువు. పక్కన స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకుని, తెల్లవారుజామున ఔటర్ ఖాళీగా ఉన్నప్పుడు, నాలుగో గేరులో 60 నుంచి 100కి ఎన్ని సెకన్లు పట్టిందో అతడిని రాయమను. రెండు దిక్కులా మూడేసి సార్లు. ఆ కాగితం దాచు. సగం మందికి ఇక్కడే కోరిక తీరిపోతుంది.

నీకు తీరదని నాకు తెలుసు. అందుకని మిగతాది.

మార్కెట్‌లో మూడు రకాల సరుకు అమ్ముతారు. పెడల్‌కు తగిలించే పెట్టె ఒకటి. అది నువ్వు పావు వంతు తొక్కితే సగం తొక్కినట్లు కంప్యూటర్‌కు చెబుతుంది, అంతే. బలం ఒక్క చుక్క పెరగదు. రెండోది రైలులో ఒత్తిడి కొలిచే సెన్సర్‌కూ కంప్యూటర్‌కూ మధ్యలో తగిలించే పెట్టె. ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువగా ఉందని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పి, మరింత పెంచేలా చేస్తుంది. బలం వస్తుంది, నిజమే. కానీ అసలు ఒత్తిడి ఎంతో కంప్యూటర్‌కే తెలియనప్పుడు అది ఇంజన్‌ను ఎలా కాపాడుతుంది? నాకు అది నచ్చదు. మూడోది కంప్యూటర్‌లోని మ్యాప్‌నే, అంటే ఎప్పుడు ఎంత డీజిల్ చిమ్మాలో చెప్పే పట్టికలనే మార్చడం. చేయిస్తే ఇదే చేయించు.

చేసేవాడిని కొన్ని ప్రశ్నలు అడుగు. నా బండిలో ఉన్న అసలు ఫైలు నాకు కాపీ ఇస్తారా? చేయకముందు, చేసిన తర్వాత డైనో (బండి బలం కొలిచే యంత్రం) మీద గ్రాఫు చూపిస్తారా? స్మోక్ లిమిటర్‌ను ఏం చేస్తారు? గాలి ఎంత ఉందో చూసి డీజిల్‌కు కళ్లెం వేసే పట్టిక అది. "అది తీసేస్తాం, అప్పుడే మజా" అన్నవాడి దగ్గర చాయ్ కూడా తాగకుండా లేచి వచ్చెయ్. నా మాటగా ఇరవై శాతానికి మించి అడగకు. 190 కాస్తా 225 అయితే చాలు, అదీ 2000 లోపల ఒక్కసారిగా కాకుండా మెల్లగా పెరగాలి. కింది ఆర్‌పీఎంలో అమాంతం టార్క్ వస్తే వీపుకు గుద్దినట్లు బాగానే ఉంటుంది, కానీ ఆ దెబ్బ క్లచ్‌కూ గేర్‌బాక్స్‌కూ తగులుతుంది.

క్లచ్ సంగతి ముందే చూసుకో. ఐదో గేరులో 2000 దగ్గర గట్టిగా తొక్కు. ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి స్పీడు ముల్లు అక్కడే ఉంటే ప్లేటు జారుతోంది. అలాంటి బండికి ట్యూనింగ్ చేయిస్తే వారంలో కాలిన వాసన వస్తుంది. ప్లేటు కోసం రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాలకు వెళ్లేటట్లయితే నన్ను తీసుకెళ్లు, ఒక్కడివే వెళ్లి డబ్బా మీద బొమ్మ చూసి కొనకు.

గాలి ఫిల్టరు తీసేసి బానెట్ కింద తెరిచి ఉంచే కోన్ ఫిల్టరు పెడతామంటారు. మే నెలలో మన ఊళ్లో ఇంజన్ పక్కన గాలి ఎంత వేడిగా ఉంటుందో చేయి పెట్టి చూడు. కంపెనీ గొట్టం బయటి చల్లగాలిని తెస్తుంటే దాన్ని వదిలి ఆ వేడిగాలి పీల్పించడం దేనికి? పైగా ఆ ఫిల్టరుకు పూసే నూనె గాలి సెన్సర్ మీద పడుతుంది. చప్పుడు చేసే సైలెన్సర్ గురించి రాయను, మీ అపార్ట్‌మెంట్ వాళ్లే చెబుతారు.

చట్టం మాట కూడా విను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ నమోదు చేసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. బీఎస్4 కాలుష్య ప్రమాణం కింద వచ్చిన డీజిల్ బండికి పొగ పరీక్షలో హద్దు 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, పొగ ఎంత దట్టంగా ఉందో కొలిచే లెక్క అది. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా మార్చి, ఏదైనా జరిగాక చెల్లించమంటే వాళ్లు మొండికేయవచ్చు. తెలిసి చెయ్యి, లేదా తెలిసి మానుకో. తెలియదని మాత్రం తర్వాత నాతో అనకు.

నన్నడిగితే ఆ డబ్బులో మొదటి వాటా టైర్లకు పెడతాను. నీది వీడీఐ వేరియంట్ అయితే 14 అంగుళాల చక్రానికి 165 వెడల్పు టైరు ఉంటుంది. పై వేరియంటుకు కంపెనీయే 15 అంగుళాల చక్రం, 185/65 టైరు ఇచ్చింది. రెండింటి ఎత్తూ దాదాపు 62 సెంటీమీటర్లే కనుక స్పీడోమీటర్ లెక్క చెడదు. వాటితోపాటు బ్రేక్ ఆయిల్, మంచి ప్యాడ్లు, అరిగిన షాక్ అబ్జార్బర్లు. అనంతగిరి మలుపుల్లో నీకు నవ్వు తెప్పించేవి ఇవే.

నడిపే తీరు గురించి ఒక్క మాట. ఈ ఇంజన్ 1800 కింద నిద్రపోతుంది, 4000 తర్వాత అరుస్తుంది కానీ లాగదు. దాని రాజ్యమంతా మధ్యలోనే. స్పీడ్ బ్రేకర్ దాటాక మూడో గేరులో ఈడ్చకుండా రెండుకు దిగు. లారీని దాటాలనుకున్నప్పుడు, పక్కకు రాకముందే నాలుగులోకి మార్చి 2200 దగ్గర సిద్ధంగా ఉండు. గట్టిగా తోలి వచ్చాక అరనిమిషం ఖాళీగా నడిపి ఆపు, నిమిషానికి లక్షకు పైగా తిరిగే టర్బో ఇరుసు ఆయిల్ పొర మీదే బతుకుతుంది.

ఈ శనివారం రాత్రే వచ్చి బండి మా ఇంటి ముందు పెట్టి ఇక్కడే పడుకో. రాత్రంతా చల్లబడిన ఇంజన్‌ను పొద్దున స్టార్ట్ చేసినప్పుడు టైమింగ్ గొలుసు చప్పుడు ఉందో లేదో నేనే స్వయంగా వినాలి. ఈలోగా డీజిల్ ఫిల్టరు మారిస్తే పాతది పారేయకుండా కవరులో పెట్టుకుని తీసుకురా, కోసి చూద్దాం.

మీ అమ్మను అడిగానని చెప్పు.

నీ మామయ్య