విక్స్ 30కి పోయినా నా కాల్ 3.55 దగ్గరే ఎందుకు ఉంది?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లె, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నా. మార్కెట్ పడితే కాస్త అడ్డుగా ఉంటుందని విక్స్ (అమెరికా మార్కెట్ భయాన్ని కొలిచే ఇండెక్స్) 18 దగ్గర ఉన్నప్పుడు ఐదు వారాల ఎక్స్‌పైరీ (గడువు) 22 కాల్ ఒకటి కొన్నా, అంటే గడువు రోజున విక్స్ 22 స్ట్రైక్‌కి ఎంత పైన ఉంటే అంత ఇచ్చే ఆప్షన్. రెండు వారాలకి మార్కెట్ గట్టిగానే పడింది, విక్స్ 30 అయింది. 30లోంచి 22 తీసేస్తే 8 డాలర్లు రావాలి కదా, యాప్‌లో చూస్తే 3.55. ఇంట్రిన్సిక్ వాల్యూ (స్ట్రైక్ దాటినంత మేర విలువ) కూడా ఇవ్వడం లేదంటే తప్పు బ్రోకర్‌దా, నాదా?

జవాబు: బ్రోకర్ తప్పేం లేదండీ, మీ లెక్కలో కూడా తీసివేత కరెక్టే, కాకపోతే 30 అనే అంకె అక్కడ వాడకూడదు. మీ ఆప్షన్‌కి అసలు ఆధారం మీ ఎక్స్‌పైరీ రోజునే ముగిసే విక్స్ ఫ్యూచర్, అంటే ఆ రోజు విక్స్ ఎంత ఉంటుందని ఇప్పుడే రేటు కట్టుకునే ఒప్పందం. మీరు చెప్పిన రోజున ఆ ఫ్యూచర్ 24 దగ్గర ఉందనుకోండి, 24లోంచి 22 పోతే 2, మిగతా 1.55 టైమ్ వాల్యూ (మిగిలిన గడువుకి ఇచ్చే ధర), మొత్తం 3.55. మూడు వారాల టైమ్, 110 శాతం ఐవీ (ఆప్షన్ ధరలో దాగున్న ఊగుడు అంచనా) పెట్టి చూస్తే సరిగ్గా అక్కడికే వస్తుంది.

ఎందుకిలా అంటే విక్స్‌ని ఎవరూ కొని దగ్గర పెట్టుకోలేరు. షికాగోలోని సీబోయి అనే ఆప్షన్ల ఎక్స్ఛేంజ్ 1993లో దీన్ని మొదలుపెట్టినప్పుడు ఎస్అండ్‌పీ 100 ఆప్షన్ల నుంచి లెక్కగట్టేది, 2003 నుంచి ఎస్అండ్‌పీ 500 (అమెరికా పెద్ద కంపెనీల షేర్ల ఇండెక్స్) ఆప్షన్ల నుంచి. రకరకాల స్ట్రైక్‌ల ప్రీమియంలు అన్నీ కలిపి, రాబోయే 30 రోజుల్లో మార్కెట్ ఎంత ఊగుతుందని జనం డబ్బు పెడుతున్నారో ఒక అంకెగా చెప్తుంది, అంతే. ఆ అంకెని చేతిలో పట్టుకోవాలంటే ఆ ఆప్షన్లన్నీ కొని రోజూ సర్దుకుంటూ కూర్చోవాలి, అప్పటికీ కుదరదు, విక్స్ లెక్క చివర్లో ఒక వర్గమూలం ఉంటుంది కాబట్టి.

గుంటూరు మిర్చి అయితే ఇవాళ కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాం, మూడు నెలల తర్వాతి రేటుకీ ఇవాళ్టి రేటుకీ మధ్య అద్దె, వడ్డీ అని ఏదో ఒక లెక్క ఉంటుంది. టమాటాకి ఆ లెక్క పనిచేయదు. 2023 జూలైలో మదనపల్లెలో టమాటా రేటు ఎలా ఎగిరిందో గుర్తుందా, ఆ రోజు ఎవరైనా వచ్చి సెప్టెంబర్ సరుక్కి కూడా ఇదే రేటు ఇవ్వు అంటే మీరు ఇస్తారా? ఇవ్వరు, కొత్త పంట వస్తే దిగుతుందని అందరికీ తెలుసు, దిగింది కూడా. విక్స్ అచ్చం టమాటాలాంటిది. భయం పుడితే ఎగురుతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ తన మామూలు స్థాయి వైపు వస్తుంది. అందుకే స్పాట్ (ఇవాళ్టి విక్స్ అంకె) 12 పాయింట్లు ఎగిరినా మూడు వారాల ఫ్యూచర్ అందులో సగమే కదలొచ్చు, నాలుగైదు నెలల దూరంది ఇంకా తక్కువ. 2025 ఏప్రిల్ 8న విక్స్ 52.33 దగ్గర క్లోజ్ అయింది, మర్నాడు ట్రంప్ టారిఫ్‌లకి 90 రోజుల విరామం అనగానే 33.62కి పడింది. ఒక్క రోజులో! ఇలా పడేదాన్ని నమ్మి మూడు వారాల తర్వాతి కాల్‌కి 52 లెక్కన ఎవరు డబ్బు ఇస్తారు చెప్పండి.

ఇంకో మాట, విక్స్ ఆప్షన్లు యూరోపియన్ రకం, మధ్యలో ఎక్సర్‌సైజ్ చేసే (గడువుకి ముందే లెక్క తీర్చుకునే) హక్కు ఉండదు. ఆ హక్కే ఉంటే ఇవాళే ఎక్సర్‌సైజ్ చేసి 8 తీసుకునేవాళ్ళు, కాల్ 8 కిందకి వచ్చేదే కాదు.

పోనీ నిజంగానే మార్కెట్లో మీ కాల్‌కి 8 ఇస్తున్నారనుకోండి, ఏమవుతుందో చూడండి. నేను ఆ కాల్ 8కి అమ్ముతా, అదే స్ట్రైక్ పుట్ (విక్స్ 22 కన్నా ఎంత కింద ఉంటే అంత ఇచ్చే ఆప్షన్) 1.55కి కొంటా, ఫ్యూచర్ 24కి కొంటా. విక్స్ 15కి సెటిల్ అవ్వనీ 70కి సెటిల్ అవ్వనీ, ఫ్యూచర్, పుట్, కాల్ మూడూ కలిపి చివర్లో మైనస్ 2 వస్తుంది, అంతకుమించి పోదు. చేతికొచ్చిన 8లోంచి 1.55, ఈ 2 తీసేస్తే 4.45 ఏ రిస్కూ లేకుండా మిగులుతుంది. (ఆప్షన్‌కి మల్టిప్లయర్ 100, అంటే ఒక పాయింట్‌కి 100 డాలర్లు, ఫ్యూచర్‌కి 1000, కాబట్టి ఒక ఫ్యూచర్‌కి పది ఆప్షన్లు పెట్టాలి, మార్జిన్ కట్టగలగాలి.) ఇలాంటిది కనిపిస్తే పెద్ద పెద్ద ట్రేడింగ్ డెస్క్‌లవాళ్ళు క్షణంలో ఊడ్చేస్తారు, కాబట్టి కాల్ మైనస్ పుట్ ఎప్పుడూ ఫ్యూచర్ మైనస్ స్ట్రైక్ దగ్గరే ఉంటుంది, వడ్డీ తేడా కొంచెం. మీ యాప్‌లో ఫ్యూచర్ రేటు కనపడకపోయినా పర్లేదు, ఒక స్ట్రైక్ తీసుకుని కాల్‌లోంచి పుట్ తీసేసి స్ట్రైక్ కలపండి, ఫ్యూచర్ ఎక్కడుందో తెలిసిపోతుంది. 3.55 మైనస్ 1.55, ప్లస్ 22, 24.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఫైనాన్స్ చదువుతున్నా. నిఫ్టీలో కింద స్ట్రైక్ పుట్‌లకి ఐవీ ఎక్కువ ఉంటుంది, విక్స్‌లో పైన స్ట్రైక్ కాల్‌లకి ఎక్కువ కనిపిస్తోంది, వంద దాటి. నేను మోడల్‌లో ఏదైనా తప్పు పెట్టానా?

జవాబు: మోడల్‌లో స్పాట్ పెట్టి ఉంటే అది తీసేసి ఫ్యూచర్ పెట్టండి, బ్లాక్ 1976 ఫార్ములా (ఫ్యూచర్ మీద ఆప్షన్‌కి ధర కట్టేది) వాడండి, ఐవీలు కొంచెం దారిలో పడతాయి. కానీ పై స్ట్రైక్‌లకి ఐవీ పెరిగే వంపు మాత్రం పోదు, అది నిజమే. నిఫ్టీ భయపడితే కిందకి దూకుతుంది, విక్స్ పైకి దూకుతుంది, కాబట్టి ఇన్సూరెన్స్ కొనేవాళ్ళంతా అటువైపే ఉంటారు. 2018 ఫిబ్రవరి 5న విక్స్ 17.31 నుంచి 37.32కి పోయింది, రెట్టింపు కన్నా ఎక్కువ. కిందవైపు అలాంటి దూకుడు ఎక్కడుంది? చరిత్రలోనే అతి తక్కువ క్లోజింగ్ 2017 నవంబర్ 3న 9.14, అందుకే 10 స్ట్రైక్ పుట్‌కి ఎవరూ పెద్దగా డబ్బు పెట్టరు. ఐవీ వంద దాటడం కూడా మామూలే, విక్స్ ఆప్షన్ల నుంచి లెక్కగట్టే వీవిక్స్ అనే ఇండెక్స్ ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే 80, 90ల్లో తిరుగుతుంది. దూరం నెలల ఐవీ తక్కువ ఉంటుంది, దానిక్కూడా పైన చెప్పిన టమాటా కారణమే, దూరం ఫ్యూచర్ ఎక్కువ కదలదు. మన ఇండియా విక్స్ మీద ఎన్ఎస్ఈ 2014లో ఫ్యూచర్ తెచ్చింది కానీ ఆప్షన్లు లేవు, కాబట్టి ఇవన్నీ నేర్చుకోవాలంటే అమెరికా ఆప్షన్ చెయిన్ (ధరల పట్టిక) చూడాల్సిందే.

ప్రశ్న: మంగళవారం రాత్రి విక్స్ 21.40 ఉంది, నా 21 కాల్‌కి బుధవారం 40 డాలర్లు వస్తాయనుకుంటే సున్నా వచ్చింది. ఎక్కడ పోయింది?

జవాబు: బాధగానే ఉంటుంది, కానీ లెక్క మంగళవారం క్లోజింగ్ మీద వేయరు. మామూలుగా మంగళవారంతో ట్రేడింగ్ ఆగిపోతుంది, బుధవారం పొద్దున ఎస్అండ్‌పీ ఆప్షన్లు ఓపెన్ అయిన ధరల నుంచి ప్రత్యేకంగా ఒక ఓపెనింగ్ అంకె తీస్తారు, వీఆర్‌ఓ అనే సింబల్ కింద కనిపిస్తుంది, సెటిల్‌మెంట్ దాని మీదే. మీకు ఆ అంకె 21 లేదా అంతకంటే తక్కువ వచ్చి ఉండాలి. బుధవారమే ఎందుకంటే అక్కడి నుంచి సరిగ్గా 30 రోజులకి ఎస్అండ్‌పీ ఆప్షన్ల ఎక్స్‌పైరీ శుక్రవారం ఉంటుంది, అప్పుడు రెండు ఎక్స్‌పైరీలు కలపకుండా ఒక్కదానితోనే విక్స్ లెక్క తేలుతుంది. స్ట్రైక్‌కి ఇంత దగ్గరగా ఉన్నప్పుడు మంగళవారం మార్కెట్ ముగిసేలోపే అమ్ముకోండి.