చంద్రుడి మీద నీళ్ళు వెతికే కంపెనీలో చేరతానంటున్నాడు

ప్రశ్న: మాది ఉప్పల్. మా అబ్బాయి ఈ ఏడాదే ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేశాడు. ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా నెలకు 42 వేలు ఇస్తామన్నారు. వాడేమో చంద్రుడి మీద నీటిని గుర్తించే చిన్న పరికరాలు (మాస్ స్పెక్ట్రోమీటర్లట) తయారుచేసే చర్లపల్లి స్టార్టప్‌లో 26 వేలకు చేరతానంటున్నాడు. ‘మన కాలనీలో బోరెండిపోయి ట్యాంకర్ కోసం చూస్తుంటే వీడు చంద్రుడి మీద నీళ్ళు వెతుకుతాడట’ అని మా బావగారు నవ్వుతున్నారు. మావారు ఆర్టీసీలో రిటైరయ్యారు. ఇంటి లోన్ ఇంకా నాలుగేళ్ళుంది. చేరమనమంటారా?

జవాబు: అమ్మా, ముందు ఇంటి లెక్క చూసుకోండి. రెండు జీతాలకూ తేడా నెలకు 16 వేలు. ఆ డబ్బు రాకపోతే లోన్ వాయిదా ఆగిపోయేటట్టుంటే కాలేజీ ఉద్యోగమే నయం, అందులో చిన్నతనమేమీ లేదు. ఎలాగోలా నెట్టుకురాగలం అనుకుంటేనే మిగతాది చదవండి.

మీ బావగారి జోకు బాగుంది కానీ, చంద్రుడి మీద నీళ్ళు మాత్రం ఉత్త మాట కాదు. 2008లో వెళ్ళిన మన చంద్రయాన్-1లో నాసా వాళ్ళ పరికరం కూడా ఉంది. అది పంపిన వివరాలతోనే 2009లో అక్కడి నీటి జాడ బయటపడింది. అదే ఏడాది అక్టోబరులో నాసా, వాడేసిన రాకెట్ భాగాన్ని దక్షిణ ధ్రువం దగ్గర కేబియస్ అనే గోతిలో పడేసి, పైకి లేచిన దుమ్ములో నీటిని చూసింది. ఎప్పుడూ ఎండ పొడ తగలని అలాంటి గోతుల్లో చలి మైనస్ 200 డిగ్రీలు దాటుతుంది కాబట్టి మంచు ఆవిరైపోకుండా ఉండిపోతుంది. ఎంత ఉంది, ఎంత లోతులో ఉంది అన్నది దిగి చూస్తేనే తేలుతుంది.

దిగి చూడాలంటే పరికరం చిన్నదిగా ఉండాలి. 2023లో చంద్రుడి మీద తిరిగిన మన ప్రజ్ఞాన్ రోవర్ మొత్తం బరువు 26 కిలోలు, అంటే మనం కిరాణా కొట్టులో కొనే బియ్యం బస్తా అంత. దానికి అందే కరెంటు 50 వాట్లు. పాత సీలింగ్ ఫ్యానే అంతకంటే ఎక్కువ తింటుంది. అందులోనే రెండు పరికరాలు పనిచేశాయి.

ఇప్పుడు అబ్బాయి చేయబోయే పని. అక్కడ చేసేది మాస్ స్పెక్ట్రోమీటర్ అని మీరు రాశారు. వాయువులోని అణువులకు విద్యుదావేశం ఇచ్చి, బరువును బట్టి వేరుచేసి చూపే యంత్రమది. నీటి అణువు బరువు 18, కాబట్టి నీరు 18 దగ్గర కనబడుతుంది. 18 దగ్గర గీత లేవగానే గంతులేయడానికి వీల్లేదు, అసలు తిప్పలన్నీ అక్కడే. ఆగస్టులో హైదరాబాద్ గాల్లో ఉన్న తేమంతా ఆ పరికరం గోడలకు అంటుకుని ఉంటుంది. శూన్యంలోకి వెళ్ళాక అదే మెల్లగా ఆవిరై ‘నీళ్ళు దొరికాయి’ అని అబద్ధం చెబుతుంది. అందుకే వేడిచేసి, రోజుల తరబడి వ్యాక్యూమ్‌లో, అంటే గాలి తీసేసిన పెట్టెలో ఉంచి, తేమను వదిలిస్తారు. ల్యాండర్ ఇంజిన్ పొగ ఇంకో తలనొప్పి. 2025 మార్చిలో నాసా ఇలాంటి పరికరాన్నే ఒక ప్రైవేటు ల్యాండర్‌లో దక్షిణ ధ్రువం దగ్గరికి పంపింది. ల్యాండర్ పక్కకు ఒరిగిపోయింది. పరికరం పనిచేసింది గానీ, పట్టుకున్నవి బహుశా ఆ ల్యాండర్ ఇంజిన్లు వదిలిన వాయువులేనని తర్వాత నాసాయే చెప్పింది.

ఏది అక్కడి నీరు, ఏది మనం మోసుకెళ్ళిన నీరు అని తేల్చడం నేర్చిన కుర్రాడికి పని దొరక్కపోవడం ఉండదని నా నమ్మకం. ఎందుకంటే ఇదే జాతి యంత్రాలు మన ఫార్మా కంపెనీల ల్యాబుల్లో రాత్రింబగళ్ళు నడుస్తున్నాయి. జీడిమెట్లలోనైనా జీనోమ్ వ్యాలీలోనైనా, మందుల్లో కల్తీ అణువులు పట్టేది వీటితోనే. వాటిని నడిపేవాళ్ళు చాలామందే ఉన్నారు, విప్పి బాగుచేయగలిగేవాళ్ళు తక్కువ. స్టార్టప్ మూతపడినా, చంద్రుడి దాకా వెళ్ళకపోయినా, ఆ పనితనం అబ్బాయి చేతిలోనే ఉంటుంది. కాలేజీలో రెండేళ్ళు పాఠం చెబితే పాఠం చెప్పడం వస్తుంది, అది మంచిదే. కానీ ఆ రెండేళ్ళ తర్వాత ల్యాబు వైపు రావడం కష్టం.

అలాగని కళ్ళు మూసుకుని దూకమనను. కొన్నేళ్ళ కిందట నేనే ఒక కుర్రాణ్ణి ఓ చిన్న కంపెనీలో చేరమని ప్రోత్సహించాను. పధ్నాలుగు నెలలకు అది మూతపడింది. పీఎఫ్ కోసినట్టు స్లిప్పులో చూపించారు గానీ ఖాతాలో పైసా పడలేదు. వాళ్ళమ్మగారికి ముఖం చూపించలేకపోయాను. అప్పటినుంచీ చేరిన రెండో నెలలోనే ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ చూసుకోమంటున్నాను.

అబ్బాయిని ఒకసారి వెళ్ళి నోరు తెరిచి అడగమనండి. వ్యాక్యూమ్ ఛాంబర్ సొంతమా, ఎక్కడైనా అద్దెకు తీసుకుంటారా? వీళ్ళ పరికరం ఎవరి ల్యాండర్‌లో వెళ్తుంది, సంతకాలయ్యాయా, ఇంకా మాటల్లోనే ఉందా? ఎన్ని నెలల జీతాలకు డబ్బుంది? తన పైన ఇలాంటి పరికరం ఇదివరకు చేసిన పెద్దవారెవరైనా ఉన్నారా? నన్నడిగితే ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. నేర్పేవాళ్ళు లేనిచోట 26 వేలూ దండగే. జీతంతో పాటు షేర్లిస్తామంటే ఇవ్వనివ్వండి, ఇంటి ఖర్చు లెక్కలో మాత్రం వాటిని సున్నా అనుకోండి.

చేరినా, చేరకపోయినా ఈసారి గేట్ ఫిజిక్స్ రాయమనండి. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్ళే ప్రజ్ఞాన్ మీది ఒక పరికరం చేశారు. రెండేళ్ళు చేతులకు మసి అంటించుకున్నాక అలాంటి చోట పీహెచ్‌డీకి వెళ్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇంకొకటి. బాండ్ ఏడాదికి మించితే సంతకం పెట్టనివ్వకండి. కంపెనీకైనా కాలేజీకైనా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తెచ్చుకుని జిరాక్సులు ఇస్తే చాలు.