షుగర్ 8.2 వచ్చింది, ఒంట్లో ఏ బాధా లేదు. అయినా మందులు వాడాలా?

హెచ్‌బీఏ1సీ అనే షుగర్ రక్తపరీక్షలో 8.2 శాతం వచ్చింది, నాకేమో నొప్పీ నీరసం ఏదీ లేదు, మరి మందులెందుకు అని అడిగారు. మా నాన్న కూడా పన్నెండేళ్ళు అచ్చం ఇదే మాట అన్నారు. నేను డాక్టర్ని కాదండీ, ఆయన కాలికి నెలల తరబడి కట్టు కట్టిన కొడుకుని.

నాన్నకి షుగర్ టెస్టంటే పదో తరగతి పరీక్షే. రెండు రోజుల ముందు నుంచి స్వీట్లు బంద్, రాత్రికి అన్నం బదులు చపాతీలు (ఆరు తినేవారు, అది వేరే సంగతి). ఫాస్టింగ్ 120 లోపు వస్తే ఇంటికొచ్చి కాఫీలో రెండు చెంచాల పంచదార. హెచ్‌బీఏ1సీ దగ్గర మాత్రం ఈ తెలివితేటలు సాగలేదు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఆ రోజుల్లో రక్తంలో తిరిగిన చక్కెర కొంత దాని హిమోగ్లోబిన్‌కి అంటుకుని ఉండిపోతుంది. అందుకే అది రెండు మూడు నెలల లెక్క బయటపెడుతుంది. 6.5 నుంచే షుగర్ కింద లెక్క.

ఇక నొప్పి సంగతి. తిన్న అన్నం గ్లూకోజై రక్తంలోకి వస్తే, దాన్ని కండరాల్లోకి చేర్చేది ఇన్సులిన్. ఎక్కువమందికి వచ్చే షుగర్ రకం టైప్ 2లో ఒళ్ళు ఇన్సులిన్ మాట వినడం తగ్గుతుంది, పోనుపోను క్లోమం కూడా సరిపడా తయారుచేయలేకపోతుంది. రక్తంలో మిగిలిపోయిన చక్కెర ఏళ్ళ తరబడి సన్న రక్తనాళాలను పాడుచేస్తుంది. కంట్లో రెటీనా (వెనక ఉండే చూపు తెర), కిడ్నీల్లో వడపోతలు, నరాలు బతికేది వాటి మీదే. నడుము నుంచి కాలివేళ్ళ దాకా పోయే నరాలు ఒంట్లో అన్నిటికన్నా పొడుగు. దెబ్బ ఎక్కువమందిలో పాదాల దగ్గరే మొదలవుతుంది. నొప్పిని మోసుకొచ్చే నరమే చచ్చుబడితే ఇక నొప్పి తెలిసేదెలా?

నాన్నకి మొదట అరికాళ్ళ మంటలు. తర్వాత దూది మీద నడుస్తున్నట్టుందనేవారు. చెప్పు జారి వెనకే ఉండిపోయినా నాలుగడుగులు వేసేసేవారు. మేం నవ్వేవాళ్ళం. అది జబ్బు లక్షణమని ఒక్కరికీ తట్టలేదు.

2018 మే నెలలో మా ఊరి గుడికి వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం, బండలు పెనంలా ఉన్నాయి. మేమంతా గోనెపట్టాల మీదకి గెంతుతుంటే ఆయన తాపీగా పదకొండు ప్రదక్షిణలు చేసి, "భక్తి ఉంటే కాలదురా" అన్నారు. రాత్రి దుప్పటి మీద తడి చూసి అమ్మ లైటు వేసింది. రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి చితికిపోయి ఉన్నాయి. ఆయన హాయిగా నిద్రపోతున్నారు.

ఆసుపత్రిలో కళ్ళు మూసుకోమని చెప్పి సన్నటి నైలాన్ పోగు ఒకటి పాదం మీద అక్కడక్కడా ఆనించారు. తగిలినప్పుడల్లా చెప్పాలి. కాసేపటికి నాన్న, "ఇంకా మొదలుపెట్టలేదా అండీ?" అన్నారు. అప్పటికి పరీక్ష అయిపోయింది.

కుడికాలు త్వరగానే మానింది. ఎడమకాలికి రక్తం సరిగా అందక ఐదు నెలలు పట్టింది, చిటికెన వేలు తీసేశారు. గుండెపోటు కూడా కొందరు షుగర్ వాళ్ళకి ఛాతీనొప్పి లేకుండానే వస్తుందని ఆ డాక్టరు చెప్పినప్పుడు మాకు అసలు టెన్షన్ మొదలైంది.

కాబట్టి బాధ లేదన్నది లెక్కలోకి తీసుకోకండి. డాక్టరు రాసిన మందు మొదలుపెట్టండి, చెట్టు మందుల వీడియోలు చూసి ఆపకండి. బరువు తగ్గి, తిండి మార్చుకుంటే మందు తగ్గించే వీలు కొందరికి ఉంటుంది, అది మీ డాక్టరే చెబుతారు. ఈ నెలలోనే మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ వడపోత దెబ్బతింటే బయటికొచ్చే ప్రోటీన్) టెస్టు, ఆ నైలాన్ పోగు పరీక్ష, రెటీనా పరీక్ష చేయించుకోండి. రెటీనాకి కంట్లో చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది. బండి మీద వెళ్ళకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి.