టైరు తేలాకే లిఫ్ట్

చి. బాబుకి ఆశీస్సులు,

బండికి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించి పెద్ద టైర్లు ఎక్కిస్తానని రాశావు. కిట్‌కి డబ్బు కట్టేముందు టైరు సైజు తేల్చుకో. సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు) ఉన్న బండికి లిఫ్ట్ వేస్తే ఛాసిస్, బాడీ లేస్తాయి గానీ రాళ్లకి తగిలే డిఫరెన్షియల్ (ఇరుసు మీది గేర్ల డబ్బా) ఉన్నచోటే ఉంటుంది. దాన్ని పైకి లేపేది టైరొక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే.

245/75 ఆర్16 తీసి 265/75 ఆర్16 వేశావనుకో. వ్యాసం 774 మిల్లీమీటర్ల నుంచి 804 అవుతుంది, డిఫరెన్షియల్ కింద నీకు దక్కేది 15. దానికే స్పీడోమీటరు 4 శాతం తక్కువ చూపిస్తుంది, పికప్ కాస్త తగ్గుతుంది. ఇంతవరకు ఫర్వాలేదు. ఇంకా బాగా పెద్దవి వేస్తే డిఫరెన్షియల్ రేషియో (లోపలి గేర్ల నిష్పత్తి) మార్చాలి, బ్రేకులూ చూసుకోవాలి. ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకో.

టైరు ఎక్కడ రుద్దుకుంటుందో బండి ఊరికే నిలబడి ఉంటే తెలియదు. ఛాసిస్‌ని స్టాండ్ల మీద గట్టిగా నిలిపి, ముందు కాయిల్ స్ప్రింగులు తీసేసి, ఒక చక్రాన్ని జాకీతో బంప్ స్టాప్ (చక్రం అంతకంటే పైకి రాకుండా ఆపే దిమ్మ) ఆనేదాకా లేపు. అప్పుడు స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడు. స్ప్రింగు ఎంత పొడవుదైనా, పూర్తిగా నొక్కుకుంటే చక్రం ఇక్కడికే వస్తుంది. కాబట్టి రుద్దుడు ఆగాలంటే బంప్ స్టాప్ పొడవు పెంచాలి, లేదా ఫెండర్ (చక్రం పైనుండే రేకు) కోయాలి. ఒట్టి లిఫ్ట్‌తో ఆగదు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

స్ప్రింగులు బండి ఎప్పుడూ మోసే బరువుని బట్టి కొను. వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), ఇనుప బంపర్ లేకుండా గట్టి స్ప్రింగులు వేస్తే చక్రం నేలని వదిలేస్తుంది, పట్టు పోతుంది. స్పేసర్లు (పాత స్ప్రింగులకే చేర్చే ఎత్తు దిమ్మలు) చవకే. కానీ పాత షాక్ అబ్జార్బర్లనే ఉంచితే, చక్రం కిందికి దిగే ప్రయాణం ఆ మేరకు తగ్గిపోతుంది.

లిఫ్ట్ 50 మిల్లీమీటర్లు దాటొద్దని నా మాట. ఆ మాత్రానికే కాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గి స్టీరింగ్ అటూఇటూ పోతుంది, పాన్‌హార్డ్ రాడ్ (ఛాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య అడ్డంగా ఉండే కడ్డీ) యాక్సిల్‌ని ఓ పక్కకి లాగుతుంది. చక్రాలు వేలాడదీసి బ్రేకు హోస్ బిగుసుకుంటోందేమో కూడా చూడు.

ఒక్కటి మాత్రం మెకానిక్ పక్కనే నిలబడి చేయించు. యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే ఆర్మ్‌ల రబ్బరు బుష్ బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే జరగాలి. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి కొన్నాళ్లకే చిరుగుతుంది. 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో మళ్లీ సరిచూడు.

స్పేర్ టైరూ అదే సైజుది తీసుకో. ముందు, వెనక యాక్సిళ్ల మీద పడే బరువులు విడివిడిగా తూయించి రాయి, స్ప్రింగుల సంగతి అప్పుడు చూద్దాం.