పాత డీఎస్‌ఎల్‌ఆర్‌తో లఘుచిత్రం: లెన్సు కంటే ముందు నేర్చుకోవలసినవి

విజయనగరంలో ఉంటూ పాత డీఎస్‌ఎల్‌ఆర్‌తో తొలి లఘుచిత్రం తీయబోతున్నానని, సముద్రపు ఒడ్డున తీసిన దృశ్యాలు తెల్లబారుతున్నాయని, ఇంట్లో ట్యూబులైటు కింద తీసినవి మినుకుమంటున్నాయని, మంచి లెన్సు కొంటే ఇవి తీరుతాయా అని మీరు అడిగారు. శ్రీకాకుళం జిల్లాలో మిత్రులతో కలిసి చిన్న చిత్రాలు తీస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఈ రెండూ లెన్సుతో తీరేవి కావు. ముందుగా షట్టర్‌ను, అంటే ఒక్కో ఫ్రేముకు (వీడియోలోని ఒక్కో బొమ్మకు) వెలుగు ఎంతసేపు అందాలో నిర్ణయించే అమరికను, మీ అదుపులోకి తెచ్చుకోండి.

కెమెరాను మాన్యువల్‌లో (అమరికలన్నీ మనమే ఎంచుకునే తీరులో) పెట్టి, మెనూలో వీడియో పద్ధతిని ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వంటి దేశాల పద్ధతి) నుంచి పాల్‌కు (మన దేశపు పద్ధతి) మార్చండి. చాలా కెమెరాల్లో అప్పుడు గానీ సెకనుకు 25 ఫ్రేములు ఎంచుకునే వీలు కనబడదు. షట్టర్‌ను సెకనులో 50వ వంతు దగ్గర స్థిరపరచండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ట్యూబులైటు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. 50వ వంతులో ప్రతి ఫ్రేముకూ సరిగ్గా రెండు విడతల వెలుగు అందుతుంది గనుక మినుకు కనిపించదు. 30 ఫ్రేములు, 60వ వంతు అన్న లెక్క 60 హెర్ట్జ్ కరెంటు ఉన్న అమెరికా వంటి దేశాలకు సరిపోయేది. కొన్ని చవక ఎల్‌ఈడీ బల్బులు మాత్రం ఏ లెక్కకూ లొంగవు. వాటిని తీసి వేరేవి పెట్టుకోవడమే మార్గం.

అసలు చిక్కు ఎండలో వస్తుంది. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100 వద్ద, నడినెత్తి ఎండలో, షట్టర్ 50వ వంతు ఉంచితే అపెర్చర్‌ను, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, దాదాపు ఎఫ్ 22 దాకా మూయవలసి వస్తుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). అంత మూస్తే బొమ్మ పదును తగ్గుతుంది, వెనుకనున్న ప్రతిదీ స్పష్టంగా కనబడి పాత్ర మీద చూపు నిలవదు. అలాగని షట్టర్‌ను వెయ్యో వంతుకు పెంచితే కదలిక తెగితెగి కనిపిస్తుంది. తప్పెటగుళ్ల బృందాన్ని పట్టపగలు అలా తీసి చూడండి, గజ్జెల కాళ్లు నేలను తాకుతున్నట్టే ఉండవు, చిందులోని ఊపు పోతుంది. అందుకే నా దృష్టిలో మన తీరప్రాంతంలో మొదట కొనదగినది ఎన్‌డీ ఫిల్టర్, అంటే రంగు మార్చకుండా వెలుగును మాత్రమే తగ్గించే నల్లద్దం. ఐదు స్టాపుల ఫిల్టర్ (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) పెడితే అదే ఎండలో ఎఫ్ 4కు రావచ్చు. తిప్పితే సాంద్రత మారే రకం సౌకర్యమే కానీ, దాన్ని చివరి దాకా తిప్పితే ఫ్రేములో అడ్డదిడ్డంగా నల్లని మచ్చ పడుతుంది.

ఫిల్టర్ కంటే చవకైనది వేళ. కళింగపట్నం వంటి చోట సూర్యుడు సముద్రం మీదనే ఉదయిస్తాడు కాబట్టి, పొద్దున్న పాత్ర వెనుక సముద్రం వచ్చేలా తీస్తే ముఖం నల్లబడుతుంది, ముఖానికి తగ్గట్టు సరిచేస్తే ఆకాశం తెల్లబారుతుంది. అదే దృశ్యం సాయంత్రం నాలుగున్నర తరువాత తీస్తే సూర్యుడు కెమెరా వెనుక ఉండి ముఖాన్నీ అలలనూ కలిపి వెలిగిస్తాడు. ఒకే సన్నివేశాన్ని సగం ఉదయం, సగం సాయంత్రం తీయకండి. నీడలు రెండు వైపులా పడి ఎడిటింగులో అతకవు. తెలుపు తెల్లగా కనబడేలా రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను కూడా ఆటోలో ఉంచకుండా ఆరుబయట 5600 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) దగ్గర స్థిరపరచండి, లేకుంటే ఎర్రచీర కట్టుకున్న మనిషి ఫ్రేములోకి రాగానే రంగులు మారిపోవచ్చు.

సంభాషణలకు ఒక నియమం చాలు. అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకుని, కెమెరాను ఎప్పుడూ ఆ గీతకు ఒకే పక్క ఉంచండి. దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు కనబడి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ప్రేక్షకుడికి అర్థం కాదు. ముందు ఇద్దరూ కనబడే వైడ్ షాట్ మొత్తం తీసుకుని, ఆ తరువాతే దగ్గరి షాట్లకు వెళ్లండి. నటులు మాట ముగించిన వెంటనే రికార్డింగ్ ఆపకుండా నాలుగైదు సెకన్లు కొనసాగించండి. ఒక షాటు నుంచి మరోదానికి మారడానికి కావలసిన చూపులు, మౌనాలు తరచుగా అక్కడే దొరుకుతాయి.