డీవీడీగా మార్చాక ఆడియో సింక్ ఎందుకు తప్పుతుంది?

ఫోన్‌లో తీసిన పెళ్లి వీడియోను డీవీడీ చేస్తే మొదట బాగానే ఉండి, పోనుపోను మాటకీ పెదవులకీ పొంతన తప్పుతోందన్నారు. ఇలాంటప్పుడు తప్పు చాలావరకు ఆడియోది కాదు. ఫోన్లు రికార్డు చేస్తూనే ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు తీసే బొమ్మల సంఖ్య, మార్చేస్తుంటాయి. డీవీడీకి స్థిరమైన రేటు కావాలి, మన దేశపు టీవీ ప్రమాణమైన పాల్ (PAL) పద్ధతిలో సెకనుకు 25. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్, 25 ఎంచుకుని ఫైలు మార్చి, దాన్నే డీవీడీ సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి. ఆడియోను ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చోవడం దండగ, ఒకచోట కుదిరితే ఇంకోచోట తప్పుతుంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడా ఉంటేనే జరపడం పనికొస్తుంది.

అసలు శబ్దమే రాకపోతే కథ వేరు. ఫోన్ వీడియోల్లో మామూలుగా ఉండే ఏఏసీ (AAC) రకం ఆడియో డీవీడీ ప్రమాణంలో లేదు. ఆడియో రకం ఏసీ-3 (డాల్బీ డిజిటల్), శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. డిస్క్ బర్న్ చేసేముందు వీఎల్‌సీ ప్లేయర్‌లో చివరి భాగం ఒకసారి చూసుకోండి.